నీలి బానకు పది అడుగులు

మా ఇంట్లో వంటింటి వెనక తలుపు నుంచి అద్దకం కొట్టానికి పది అడుగులు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి మా అమ్మ ఆ పది అడుగులు వేయలేదు. వేయనియ్యలేదు అనాల. వేయలేదంటే ఏదో ఆమే మొండికేసి కూర్చున్నట్టుంటుంది. ఆ తలుపు తెరిచే ఉంటుంది. గాలీ వెలుతురూ అందులోంచే వస్తాయి. అమ్మ దాని ముందరే పీట వేసుకొని కూరగాయలు తరుగుతుంది. కానీ కాలు మాత్రం గడప అవతల పెట్టకూడదు. వెనకాల బావి ఉండె, గచ్చు తొట్టి ఉండె, అవన్నీ రంగుకు. బట్టలు ఉతకాలంటే ఆమె వీధి కొళాయి దగ్గరికి పోయి, దారిన పోయే నలుగురి ముందరా కుచ్చెళ్ళు ఎగ్గట్టుకొని ఉతకాల్సిందే.

మా ఇల్లు మద్రాసు చింతాద్రిపేటలో, కూవం నది కంపు పిలవకుండానే లోపలికొచ్చి కూర్చునే సందులో. ఒకప్పుడు నేతగాళ్ళను తెచ్చి పెట్టిన పేట అంటారు. నా కాలానికి మగ్గాలు పోయి మోటారు సామాన్ల అంగళ్ళు వచ్చినాయి. మా తాత మాత్రం అద్దకం వదల్లేదు. నూలుకు రంగు వేసి పొన్నేరి వైపు మగ్గాలకు పంపి, గళ్ళగుడ్డ నేయించి, హార్బరు దగ్గరుండే ఎగుమతి షావుకారుకు ఇచ్చేవాడు. పసుపు, ఎరుపు, నీలం గళ్ళు. మా గుడ్డకు ఒక గుర్తు ఉండేది, అంచులో ఒకే ఒక్క పసుపు పోగు. ఆ పోగు చూసి ఫలానా వాళ్ళ గుడ్డ అని పేటంతా చెప్పేది.

అన్ని రంగుల్లోకీ నీలానికి పెత్తనం ఎక్కువ. తగిరిస గింజలు ఉడకబెట్టి, సున్నమూ బెల్లమూ వేసి, నీలిమందు కలిపి, నేలలో పాతిన పెద్ద బానలో పులియబెడతారు. పైన రాగి రంగు తెట్టు కడితే బాన పండినట్టు. కట్టకపోతే బాన చచ్చింది అంటారు మా వాళ్ళు. ఆ బానను బాలింతను చూసుకున్నట్టు చూసుకునేవాళ్ళు. గాలి తగలకూడదు, గట్టిగా అరవకూడదు, చెప్పులతో పోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ముట్టయి బయట చేరిన ఆడది ఆ పక్కకు పోకూడదు. పోతే బాన చస్తుంది, చావకపోయినా ఆ రంగు గుడ్డలో నిలవదు. ఇది రాసిపెట్టిన శాస్త్రం కాదు గానీ దీన్ని కాదన్నవాణ్ణి మా పేటలో నేను చూడలేదు.

ఇంక కథ. మా తాత చెప్పే వరసలోనే చెప్తా, ఆ వరస నాకు నోటికొచ్చు. ఇంటికి ఎవరొచ్చినా, అడిగినా అడక్కపోయినా, కాఫీ గ్లాసు కింద పెట్టేలోపల ఈ కథ అయిపోవాల్సిందే.

ఆ ఏడు వినాయక చవితికి మా తాత కొత్త నీలి బానకు పూజ చేసినాడు. మరుసటి రోజు బాన పండే పొద్దు. అవ్వ అంతకు రెండేళ్ళ ముందే పోయింది, ఇంట్లో ఆడదంటే కొత్త కోడలు మా అమ్మ ఒక్కతే. అన్నం చల్లారిపోతాందని ఆమె కొట్టంలోకి పోయి, మామా రండి అని పిలిచింది. పిలిచి వచ్చేసింది. ఆ బానలో ముంచిన నూలుతో నేసిన గుడ్డ అమెరికాకు ఓడెక్కింది. మళ్ళీ ఎండాకాలం పోయేసరికి, అప్పటికి నేను ఉయ్యాల్లో ఉండా, షావుకారు సందు మొదట్లో కారు దిగి ఒక పొట్లం తెచ్చి తాత ముందర పడేసినాడంట. విప్పితే ఒక చొక్కా. ఒకప్పుడు తెల్ల చొక్కా అది, ఇప్పుడు దెబ్బ తగిలి కమిలిన రంగులో ఉండాది. "మీ గుడ్డ ఆడ రంగు వదిలింది. జనం బట్టలన్నీ పాడు చేసింది. అమెరికా తలుపు మూసుకుపోయింది" అన్నాడంట షావుకారు.

మా తాత నలభై ఏళ్ళ చేయి. ఆ చేయి తప్పు చేయదు గదా! పేట పెద్దలు ఇద్దర్ని పిలిపించి అరుగు మీద కూర్చోబెట్టి, బాన పండే పొద్దు కొట్టంలోకి ఎవరు వచ్చినారని ఇంట్లో వాళ్ళను అడిగినాడు. "నేనే మామా, అన్నానికి పిలవను వచ్చినా" అని అమ్మ చెప్పింది. "అయితే నువ్వు బయట చేరి దాచిపెట్టినావు" అన్నాడు తాత. అంతే. ఆడలేక మద్దెల ఓడంటారు. మద్దెలకు నోరు లేదు కాబట్టి పడుతుంది, మా అమ్మకు నోరుండీ పడాల్సి వచ్చింది. దానికి ఆమె ఏం బదులు చెప్పిందో కథలో లేదు. మా నాయన ఏమన్నాడో అదీ లేదు. ఇంక కోడలు వెనక్కి పోకూడదు అని పెద్దలు చెప్పి కాఫీ తాగి పోవడంతో కథ అయిపోతుంది.

కథ అయిపోయింది గానీ దాని తోక అయిపోలేదు. ఇంట్లో కొత్త గుడ్డ వస్తే మొదట అమ్మ ముట్టకూడదు. వీధిలో పెళ్ళయితే తలంబ్రాల చీర మడత పెట్టేదానికి అందర్నీ పిలుస్తారు, ఆమెను పిలవరు. ఆయుధ పూజ నాడు అందరం కొట్టంలో ఉంటే ఆమె వంటింట్లో నిలబడి గడప ఇవతల నుంచి హారతి కళ్ళకద్దుకుంటుంది. నాయనకు ఆయాసం వచ్చినా, మగ్గం వాడు ఎగ్గొట్టి పోయినా, వాన పడి నూలు ఆరకపోయినా, అన్నిటికీ మూలం ఆ చవితే. ముల్లు వచ్చి ఆకు మీద పడినా ఆకు పోయి ముల్లు మీద పడినా ఆకుకే గదా చిరుగు.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నానా? నా పుట్టినరోజు రథసప్తమి. జిల్లేడాకులు తలమీద పెట్టుకొని నీళ్ళు పోసుకునే రోజు కాబట్టి ఎవరూ మర్చిపోరు, "రథసప్తమి పాప" అనే పిలిచేవాళ్ళు పేటలో. పదారో ఏట ఆ పండగకు నాయన నాకు లేతాకుపచ్చ వోణీ తెచ్చినాడు. తల తుడుచుకుంటూ వచ్చి చూస్తే అమ్మ ఆ వోణీని చేతిలోకి తీసుకొని, జరీ మీద వేలు పెట్టి నిమురుతా ఉండాది. నాకు ఒళ్ళు మండింది. "ముట్టుకోవద్దు! నీ చేయి తగిలితే మరక అమెరికా దాకా పోయింది, నా వోణీ మిగుల్తుందా?" అన్నాను. తాత అరుగు మీద నుంచి విని నవ్వినాడు. అమ్మ వోణీ మంచం మీద పెట్టేసి వంటింట్లోకి పోయింది. ఆ మాట అన్న నోటితోనే ఆ పొద్దు పాయసం తాగినాను.

తాత పోయినాక కొట్టం నాయన చేతికొచ్చింది. నాయన బాన పూడ్చలేదు, మూతేసి పెట్టినాడు. చూలై అంగట్లో దొరికే రంగుపొడి తెచ్చి స్టౌ మీద అద్దకం మొదలుపెట్టినాడు. ఆయనకు ఒకటే పట్టు. రంగు వదలకూడదు. అద్దినదాన్ని పది నీళ్ళు కడిగేవాడు, పదకొండో నీళ్ళు గ్లాసులో పట్టి వెలుగుకు పెట్టి చూసేవాడు. ఎవరన్నా గుడ్డ కొనను వస్తే ముందు ఒక పీలిక చించి, తెల్ల గుడ్డ ముక్కతో కలిపి, సోడా వేసి వాళ్ళ ముందరే ఉడకబెట్టేవాడు. ఆ తెల్ల ముక్క మల్లెపువ్వులా తెల్లగా బయటికొస్తుంది. దాన్ని కట్టె కొనతో ఎత్తి చూపించి "ఉడకబెట్టినా వదలదు సార్" అనేవాడు. అప్పుడు ఆయన కళ్ళు వంటింటి వైపు పోయేవి. ఇరవై ఏళ్ళు ఆయన కడిగింది గుడ్డను కాదు అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మద్రాసుకు చెన్నై అని పేరు మార్చిన ఏడాది, వానలకు ముందు ఆ అమెరికా ఆయన వచ్చినాడు. నేను అప్పుడు ఎన్నూరు దారిలో ఒక కంపెనీలో టైపిస్టు. పెళ్ళి చేసుకోలేదు, అది వేరే సంగతి. ఆ పొద్దు ఆదివారం కాబట్టి ఇంట్లో ఉండా. హార్బరు పక్క ఉండే ముసలి బ్రోకరు ఒకాయన తీసుకొచ్చినాడు. కారు సందులో పట్టక, చేపల అంగడి నీళ్ళలో బూట్లు తడుపుకుంటూ నడిచొచ్చినాడు పాపం. యాభై ఏళ్ళుంటాయి. బట్టతల, ఎర్రగా కాలిన ముక్కు, మాటకు ముందు నవ్వు. అమెరికాలో బట్టల అంగడి ఉందంట. నాయన ఇంగ్లీషు "ఎస్ సార్" దగ్గర ఆగిపోతుంది కాబట్టి నేను మధ్యలో కూర్చొని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్తాంటి. అమ్మ వంటింటి గుమ్మం వెనక నిలబడింది.

ఆయన సంచిలోంచి ఒక పాత చొక్కా తీసి నాయన ఒళ్ళో పెట్టినాడు. గళ్ళ చొక్కా. ఎరుపు గులాబీ అయింది, పసుపు వెన్న రంగయింది, నీలం అన్నిట్లోకీ పారి ఎక్కడ గడి అయిపోయిందో ఎక్కడ మొదలో తెలియకుండా ఉండాది. నాయన దాన్ని తిరగేసినాడు. లోపలి కుట్టు తిప్పి చూసినాడు. అంచు పోగు పసుపు. "ఈ పోగు చూసే బ్రోకరుగారు మీ ఇంటికి తీసుకొచ్చినారు" అన్నాడు అమెరికా ఆయన. నాయన నా వైపు చూసి "తాత గుడ్డ" అన్నాడు.

ఆ చొక్కా కథ అమెరికా ఆయన చెప్పినాడు, నేను తెలుగులో చెప్తాంటి. చొక్కా కొన్నది వాళ్ళ నాయన. ఆ మనిషి రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి. పంతొమ్మిదేళ్ళకు పోయి, కూడా పోయిన వాళ్ళలో సగం మందిని ఆడే వదిలి తిరిగొచ్చినాడు. సర్కారు ఖర్చు మీద చదువుకున్నాడు, ఆఫీసు ఉద్యోగంలో చేరినాడు, ఒకే మాదిరి ఇళ్ళు వరసగా కట్టిన ఊర్లో ఒక ఇల్లు కొన్నాడు. పొద్దున్నే ఆ వీధిలో అందరు మగవాళ్ళూ తెల్ల చొక్కా వేసుకొని ఒకే టయానికి తలుపు తీసుకొని బయటికొచ్చేవాళ్ళంట. "మా నాన్నకు ఇంకేం అక్కర్లేదు. అన్నీ శుభ్రంగా, ఎక్కడివక్కడ ఉండాలి. యుద్ధంలో అంత చూసినాక అదే చాలనుకున్నాడు" అన్నాడు. ఒక ఆదివారం కోసం ఎందుకో మనసైపోయి మద్రాసు గళ్ళ చొక్కా కొన్నాడు. వాళ్ళమ్మ దాన్ని తెల్ల చొక్కాలతో కలిపి వేడినీళ్ళ మిషన్లో వేసింది.

"అయ్యో" అనింది అమ్మ గుమ్మం వెనకనుంచి. కొత్త రంగుగుడ్డను ఉప్పునీళ్ళలో నానేసి విడిగా జాడించాలని మా వీధిలో ఆరేళ్ళ పిల్లకు తెలుసు. అందుకే గుడ్డతోపాటు ఆ మాట రాసి పంపాలని మా తాతకు తట్టలేదు, తట్టాల్సిన అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు. నీళ్ళు తాగేది ఎట్లా అని ఎవరన్నా రాసి పంపుతారా!

తెల్ల చొక్కాలన్నీ నీలమైనాయి. వాళ్ళ నాయన మండిపడి ఒక చొక్కా తీసుకుపోయి అంగడి వాడి ముఖాన కొట్టినంత పని చేసినాడు. ఆయన ఒక్కడే కాదు, ఆ వయసు వాళ్ళు ఊరూరా గోల పెట్టినారంట. గళ్ళ చొక్కాను కారు తుడిచే గుడ్డ కింద షెడ్డులో పారేసినాడు.

"మరి మీరు వేసుకున్నారు గదా?" అని అడిగినాను. అప్పుడు నవ్వినాడు ఆయన. అంగడి వాళ్ళు ఊరుకుంటారా, బోర్డు పెట్టినారంట. "ఈ గుడ్డ రంగు వదులుతుంది. వదలకపోతే అసలుది కాదు" అని. ఇంక చూడు, కాలేజీ పిల్లలు ఎగబడినారు. ఉతికిన కొద్దీ కొత్త చొక్కా, ఒకరి చొక్కా ఇంకొకరి చొక్కా మాదిరి ఉండదు. వాళ్ళ నాయనల తెల్ల చొక్కాలంటే ఒళ్ళుమంట ఆ పిల్లలకు. ఈయన షెడ్డులోంచి ఆ చొక్కా తీసి వేసుకొని, జుట్టు భుజాల దాకా పెంచి, వియత్నాం యుద్ధం వద్దని ఊరేగింపుల్లో నడిచినాడు. యుద్ధానికి పోయొచ్చిన తండ్రి, యుద్ధం వద్దన్న కొడుకు. భోజనాల బల్ల దగ్గర పెద్ద రభస. "ఆ చొక్కాతో నా ఇంట్లో కూర్చోవద్దు" అన్నాడంట తండ్రి. పాతికేళ్ళు మాటల్లేవు.

ఆ పాతికేళ్ళు చెప్పేటప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. నాకు జాలి వేయలేదు, నిజం చెప్తాండా. మాట్లాడకుండా ఉండేదానికి వాళ్ళకు వేరే వేరే ఇళ్ళుండె, వేరే ఊర్లుండె. మా అమ్మ ఒకే ఇంట్లో, అదే పళ్ళాల్లో వాళ్ళకు అన్నం పెట్టుకుంటా వచ్చింది.

చివరకు కలిపింది ఈయన కూతురు. ఆ పిల్లకు ఇరవై ఏళ్ళు. ఆ కాలం పిల్లలు కొత్త బట్టలు చింపి, వెలిసిపోయినట్టు చేసి అమ్మితే కొనుక్కుంటారంట. అటక మీద ఈ చొక్కా దొరికితే వేసుకొని తాతను చూడను పోయింది. ఆ ముసలాయన తేరిపార చూసి, "ఈ దొంగముండా చొక్కా నా తెల్ల చొక్కాలన్నీ తగలేసింది" అని పడీ పడీ నవ్వినాడంట. కొడుకూ నవ్వినాడు. నవ్వీ నవ్వీ ఏడ్చినారు. రెండు నెలలకు ముసలాయన పోయినాడు. "నా కూతురి ఈడు వాళ్ళు ఇట్లాంటిదే అడుగుతున్నారు. ఉతికితే నిజంగా రంగు వదిలేది. ఇప్పుడెక్కడా దొరకదు. మీరు మళ్ళీ చేసిస్తారా?" అని నాయన చేయి పట్టుకున్నాడు.

నాయన ఒక్కటే ప్రశ్న అడగమన్నాడు నన్ను. ఆ మొదటి గోల తరవాత మద్రాసు గుడ్డ ఆడికి రావడం ఆగిపోయిందా? అమెరికా ఆయన ఆశ్చర్యంగా చూసినాడు. "ఆగడమా? నేను కాలేజీ ముగించేదాకా ఓడల మీద ఓడలు వచ్చింది. తెచ్చిందంతా అయిపోయేది" అన్నాడు. బ్రోకరు ముసలాయన తల వంచుకొని, షావుకారు ఆ తరవాత వేరే ఊళ్ళల్లో నేయించి పంపుకున్నాడు లేమ్మా, అన్నాడు. మరక చొక్కా తెచ్చి మా తాత ముందర పడేసినవాడు, ఆ తరవాత వచ్చిన మంచి కబురు మాత్రం చెప్పనే లేదు.

అమెరికా ఆయన నెలలోపల నమూనా పంపమని చెప్పి, చొక్కా మా దగ్గరే పెట్టి పోయినాడు. అమ్మ వచ్చి ఖాళీ గ్లాసులు తీసింది. చొక్కాను ముట్టుకోలేదు. "ఆ తాత నవ్వినాడా?" అని మాత్రం అడిగింది నన్ను. నవ్వినాడంటమ్మా, అన్నాను. "ఊ" అని లోపలికి పోయింది.

నేను ఆగలేకపోతి. నాయన ముందర నిలబడి, అమ్మతో ఒక్క మాట చెప్పు నాయనా అంటి. "ఏం చెప్పల్ల?" అన్నాడు. తప్పు లేదని చెప్పు, అంటి. ఆయన చొక్కా మడత పెడతా, "తప్పు లేదని ఎవరన్నారు? రంగు వదిలింది గదా! ఆడి వాళ్ళకు నచ్చిందంటే అది వాళ్ళ పిచ్చి. మైల మైలే" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని మా తాత పోతూ పోతూ ఆ కుందేటిని ఈయన చేతిలో పెట్టి పోయినాడని అప్పుడు నాకు అర్థమైంది. అరిచినాను. ఏమేమో అన్నాను. ఆయన లేచి కొట్టంలోకి పోయినాడు.

మరుసటి రోజే నాయన బాన మూత తీసినాడు. నీలిమందు ఎక్కడో వెతికి తెప్పించినాడు, తగిరిస గింజలు ఉడకబెట్టినాడు. ఇల్లంతా ఆ పులిసిన కంపు. పది రోజులకు తెట్టు కట్టింది. అద్ది, కొంచెం నేయించి, పీలిక చించి తెల్ల గుడ్డతో వేడినీళ్ళలో వేసినాడు. తెల్ల గుడ్డ తెల్లగానే వచ్చింది. మళ్ళీ చేసినాడు. మళ్ళీ తెల్లగానే. ఎందుకు వదలడంలేదో నాకు కళ్ళకు కట్టినట్టు కనపడతాంది. బానలోంచి నూలు తీసినాక ఊరికే ఆరేస్తే చాలు. ఆయన ఊరికే ఆరేయలేడు. చేయి దానంతటదే బావి దగ్గరికి పోతుంది, పది నీళ్ళు కడుగుతుంది, పదకొండో నీళ్ళు వెలుగుకు పెట్టి చూస్తుంది. ఇరవై ఏళ్ళ అలవాటు. ఇదిగో నాయనా, ఎక్కువ కడుగుతాండావు అని చెప్పినా. "కడగకుండా గుడ్డ ఇస్తారా ఎవరన్నా?" అని నన్నే కసిరినాడు. ఆయన మనసులో వేరే లెక్క నడుస్తాంది.

ఆ లెక్క ఏందో మూడో తూరి కూడా తెల్లగుడ్డ తెల్లగా వచ్చిన పొద్దు తెలిసింది. బాగా ఎండగా ఉండాది. అమ్మ గడప ఇవతల పీట మీద కూర్చొని మునక్కాయలు గీస్తాంది. నేను పక్కన బియ్యంలో రాళ్ళు ఏరతాండా. నాయన కొట్టంలోంచి వచ్చి గడప అవతల నిలబడినాడు. మోచేతుల దాకా నీలం. అమ్మను కాకుండా తలుపు చెక్కను చూస్తా, "ఏమ్మే, ఒక తూరి ఇట్లా రా" అన్నాడు.

అమ్మ తలెత్తలేదు. "ఎక్కడికి?" అనింది.

"కొట్టంలోకి. బాన దగ్గర ఒక్క నిమిషం నిలబడిపో చాలు. ఆ పొద్దు మాదిరి పిలువు." ఆయన గొంతులో సిగ్గు లేదు, ఇంట్లో సుత్తి ఎక్కడుందని అడిగినట్టు అడిగినాడు. "నీ చేయి తగిలితే వదుల్తుందేమో."

నాకు నవ్వు రాలేదు, ఏడుపు రాలేదు, చేటలో బియ్యం మొత్తం ఎత్తి ఆయన ముఖాన పోయాలనిపించింది. తప్పు లేదని ఒక్క మాట చెప్పడానికి నోరు రాని మనిషి, ఆ తప్పే ఇప్పుడు పనికొస్తుందని అడగను వచ్చినాడు. అరవై ఏళ్ళు దగ్గరకొచ్చిన మనిషిని!

అమ్మ మునక్కాయ కింద పెట్టి చీర చెంగుతో చేతులు తుడుచుకునింది. "నేనొచ్చి ఏం లాభమయ్యా?" అనింది నిదానంగా. "ఆ పొద్దు కూడా నాకు మైల లేదు."

"ఏందీ?" అన్నాడు నాయన.

"ఇది పుట్టింది రథసప్తమికి. బాన పండింది చవితి మరునాడు. మధ్యలో ఎన్ని నెలలో లెక్కపెట్టుకో. నాలుగో నెల కడుపుతో ఉండే ఆడది బయట చేరుతుందా?"

నాయన నీలం వేళ్ళు తమంతట తామే ముడుచుకున్నాయి. భాద్రపదం, ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం, పుష్యం. పెదవులు కదిలినాయి. మాఘం దగ్గర ఆగి నా వైపు చూసినాడు. ఆ లెక్క ఆయన ఇప్పుడే వేసినాడా, లేక పంచాయితీ నాడే వేసి మింగేసినాడా అని ఆ ముఖంలో వెతికినాను. నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆయన కొట్టంలోకి పోయినాడు. కాసేపటికి బాన మీద మూత పడిన శబ్దం వినపడింది.

నేను పుట్టిన రోజు తెలుసు పేటంతా. బాన పండిన రోజూ తెలుసు పేటంతా. ఆ రెండు మాటలూ ఒకే అరుగు మీద ఒకే నోళ్ళు వెయ్యి తూర్లు చెప్పినాయి. నేనూ చెప్పినాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఒక్కరు లేరు. అమెరికాలో మూడు తరాలు ఒక మరక మీద పోట్లాడుకొని, దాన్ని ఊరేగించి, చివరకు దాన్ని చూసే నవ్వుకున్నాయి. మా ఇంట్లో అసలు లేని మరకను మూడు తరాలు కాపాడినాము.

"ఆ పొద్దే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ఎవరడిగినారు? దాచిపెట్టినావు అన్నారు, అంతే. అడగలేదు." అమ్మ మళ్ళీ మునక్కాయ చేతికి తీసుకునింది. "ఆ పెద్దల ముందర నిన్ను చంకలో వేసుకొనే నిలబడినా. అయిదు నెలల పిల్లవు. కళ్ళుండే వాళ్ళు చూసుకుంటారులే అనుకుంటి."

అమ్మ ఈనె తీసి పక్కన పడేసి, ఇంకో కాయ అందుకునింది.

"వాళ్ళు అన్నదానికి నేను ఏడవలేదు పాపా" అనింది. "నీ పదారో ఏట, ఆ పచ్చ వోణీ నాడు నువ్వు అన్నావే. ఆ పొద్దు ఏడ్చినా."